ఊరు లేని దారిలో బండి పంక్చరైతే

మన్ననూరు చెక్‌పోస్టు దాటాక శ్రీశైలం దాకా, ఇటు దోర్నాల నుంచి ఎక్కే ఘాట్‌లో, అటు మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లే మలుపుల్లో పంక్చర్ షాపు దొరకడం గగనం. చాలా చోట్ల ఫోన్‌కి సిగ్నలూ ఉండదు. ఇలాంటి దారుల్లో బైకుల మీద తిరిగేవాళ్లు ఈమధ్య పంక్చర్ కిట్ కొని సీటు కింద పెట్టుకుంటున్నారు. మంచిదే. కానీ గాలి కొట్టే సాధనం వెంట పెట్టుకునేవాళ్లు తక్కువ. చిల్లు పూడ్చడం పది నిమిషాల పని. గాలి లేకపోతే ఆ పనంతా వృథా. అందుకే పంపు లేని పంక్చర్ కిట్‌ని అసలు కిట్ కిందే లెక్కపెట్టకండి.

మీ బండిది ట్యూబా, ట్యూబ్‌లెస్సా

ఇది ఇంట్లోనే తేల్చుకోవాలి. టైరు మీద ‘ట్యూబ్‌లెస్’ అని రాసి ఉందికదా అనుకుంటే సరిపోదు. స్పోక్స్ రిమ్ము ఉన్న బళ్లకి ట్యూబ్‌లెస్ అని రాసిన టైరే వేసి, లోపల ట్యూబ్ పెట్టడం మామూలే. చూడాల్సింది వాల్వ్ దగ్గర. రిమ్ములోంచి మరలున్న లోహపు కాడ బయటికొచ్చి, దానికి నట్టు బిగించి ఉంటే అది చాలావరకు ట్యూబే. పొట్టి నల్లటి రబ్బరు కాడ ఉండి నట్టు లేకపోతే ట్యూబ్‌లెస్. అల్లాయ్ చక్రం ఉన్నంత మాత్రాన ట్యూబ్‌లెస్ అనుకోకండి, పాత కమ్యూటర్ బళ్లలో అల్లాయ్ రిమ్ముకీ ట్యూబులుండేవి. అనుమానం ఉంటే ఈసారి గాలి పట్టించేటప్పుడు షాపులో అడిగి తెలుసుకోండి.

ఎందుకంత పట్టింపంటే, ట్యూబ్ ఉన్న టైర్లో పైనుంచి, ట్యూబ్‌లెస్ చిల్లుని పూడ్చే రబ్బరు వత్తిని గుచ్చితే ఏమీ ప్రయోజనం ఉండదు. గాలి ఆగేది టైర్లో కాదు, ట్యూబ్‌లో. పైగా గుచ్చిన సూది ట్యూబ్‌కి ఇంకో చిల్లు పెడుతుంది.

సంచిలో ఏముండాలి

రెండు రకాలకీ ఉండాల్సినవి: పంపు, గాలి కొలిచే గేజ్, కటింగ్ ప్లేయర్, వాల్వ్ పిన్ను విప్పే చిన్న పనిముట్టు, రెండు స్పేర్ పిన్నులు, చాక్‌పీసు ముక్క, చిన్న సీసాలో సబ్బు నీళ్లు, హెడ్‌టార్చ్, పాత తువ్వాలు.

ట్యూబ్‌లెస్ అయితే గరుకు సూది, వత్తి గుచ్చే సూది, కనీసం ఆరు వత్తులు, సొల్యూషన్ (రబ్బరు జిగురు), బ్లేడు చాలు.

ట్యూబ్ అయితే బరువు పెరుగుతుంది. 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవున్న టైరు లివర్లు మూడు, ప్యాచ్‌లు, గరుకు కాగితం, సొల్యూషన్, కొత్త ట్యూబ్, యాక్సిల్ నట్టుకి సరిపోయే పానాలు. ఏ బండికి ఏ సైజు పానా అన్నది పుస్తకం చూసి కాదు, నట్టుకి పెట్టి చూసుకోండి. షాపులో న్యూమాటిక్ గన్నుతో బిగించిన యాక్సిల్ నట్టు చేతి పానాకి కదలదు. ఇంటి దగ్గరే ఒకసారి విప్పి, మీ చేత్తో విప్పగలిగేంత గట్టిగా మీ పానాతోనే బిగించుకుంటే దారిలో ఆ యాతన ఉండదు.

స్పేర్ ట్యూబ్ ఒక్కటే పెట్టుకునే చోటుంటే ముందు చక్రానిది పెట్టుకోండి. 21 అంగుళాల ముందు ట్యూబ్‌ని 17 లేదా 18 అంగుళాల వెనక టైర్లో సర్ది, నెమ్మదిగా ఊరు చేరుకోవచ్చు. వెనకటి లావు ట్యూబ్ ముందు సన్నటి టైర్లో పట్టదు, మడత పడి అక్కడే చిరుగుతుంది.

ఇక పంపు. కాలి పంపు బరువే గానీ నమ్మకమైంది. 120/80–18 సైజు వెనక టైరుని సున్నా నుంచి నింపాలంటే కాలి పంపు 100 నుంచి 150 సార్లు తొక్కాలి. చేతిలో ఇమిడే మినీ పంపుతో 300 దాకా కొట్టాలి, ఎండలో అది చిన్న పనేం కాదు. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ వాడితే వైర్లు నేరుగా బ్యాటరీకి తగిలించి, ఇంజిన్ ఆన్‌లో ఉంచాలి. హ్యాండిల్ దగ్గరి ఫోన్ చార్జర్ సాకెట్‌కి పెడితే ఫ్యూజు పోతుంది. చార్జింగ్ పంపులు బాగానే పనిచేస్తాయి, కానీ మూడు నెలలు సంచిలో పడున్నది ఆ రోజు మొరాయిస్తుంది. బయల్దేరే ముందురోజు చార్జ్ చేయండి. 16 గ్రాముల గ్యాస్ గుళికలు కొనేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. అలాంటి టైరుకి ఒక గుళిక ఇచ్చేది సుమారు 10 పీఎస్‌ఐ మాత్రమే. కనీసం మూడుండాలి. చిల్లు సరిగా పూడకుండా గుళిక తెరిస్తే అది పోయినట్టే.

దారిలో గూడెంలో సైకిల్ పంపు దొరుకుతుందిలే అనుకోకండి. సైకిల్ వాల్వ్ వేరు, బండి వాల్వ్ వేరు. పంపు దొరికినా దాని మూతి అన్నిసార్లూ పట్టదు. రెంటికీ కుదిరే ఇత్తడి అడాప్టర్ చవకే, ఒకటి సంచిలో పడేయండి.

టైరు దిగిన క్షణంలో

వెనక టైరు దిగితే బండి తోక ఊపినట్టు పక్కలకి ఊగుతుంది. ముందుది దిగితే హ్యాండిల్ బరువెక్కి, తిప్పిన వైపు లాగేస్తుంది. ముందుదే ఎక్కువ ప్రమాదం. యాక్సిలరేటర్ వదిలేయండి, హ్యాండిల్ నిటారుగా పట్టుకోండి. గాలి పోయిన చక్రానికి బ్రేక్ వేయొద్దు, రెండోదానికి మెల్లగా వేయండి. టైరు అంచు రిమ్ము వదిలేసి జారేది బ్రేక్ నొక్కినప్పుడే.

ఘాట్‌లో మలుపు మీద ఆపకండి. రెండు వైపుల నుంచీ కనిపించే చోటు దాకా దిగి నడిపించుకెళ్లండి. బండికి 30 అడుగుల వెనక పచ్చి కొమ్మ ఒకటి పెడితే లారీలవాళ్లకి అర్థమవుతుంది. పని అయ్యాక దాన్ని తీసి పక్కన పడేయండి.

నల్లమల దారిలో టైమూ చూసుకోవాలి. అక్కడ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా చెక్‌పోస్టుల దగ్గర బళ్లను వదలరు. ట్యూబ్ మార్చడం కొత్తవాళ్లకి గంటన్నర పడుతుంది. ఆ లెక్కన గేటు మూసే వేళకి మూడు గంటల ముందైనా లోపలికి ప్రవేశించాలి. పులుల అభయారణ్యం అది. నీడ కోసమనో, నీళ్ల కోసమనో రోడ్డు వదిలి లోపలికి పోవద్దు. కోతులున్న చోట పనిముట్ల సంచి జిప్పు మూసే ఉంచండి.

పీకే ముందు చూడండి

ముల్లు కనపడగానే పీకడం అందరూ చేసే పొరపాటు. ట్యూబ్‌లెస్ టైర్లో గుచ్చుకున్న తుమ్మముల్లో, ఎడ్ల నాడా మేకో తన చిల్లుని తానే సగం మూసి ఉంచుతుంది. గాలి నెమ్మదిగా పోతోందంటే గేజ్ పెట్టి చూడండి. పది నిమిషాల్లో 2, 3 పీఎస్‌ఐ మాత్రమే తగ్గితే, దాన్ని అలాగే ఉంచి, గాలి నింపుకుని, నిమ్మళంగా వచ్చే ఊరు చేరడమే తెలివైన పని.

ముందు వాల్వ్ పరీక్ష. మూత తీసి వేలితో కాస్త ఉమ్మి రాయండి. బుడగ లేస్తే పిన్ను వదులైందన్నమాట, బిగిస్తే పంక్చరే లేదు. రబ్బరు కాడని వేలితో పక్కకి వంచి మొదట్లో సబ్బు నీళ్లు పోయండి. పాత రబ్బరు అక్కడే పగులుతుంది. టైరంతా వెతికి ఏమీ దొరకనివాళ్లు చివరికి కనిపెట్టేది ఇదే.

తరవాత చక్రం మెల్లగా తిప్పుతూ చూడండి. మన దారుల్లో ఎక్కువగా దొరికేవి సర్కారు తుమ్మ ముళ్లు. చేలకి కంచెగా కొట్టిన కంప రోడ్డు మీదుగా లాక్కెళ్తే ముళ్లు రాలిపోతాయి. అవి విరిగి టైరు పైకి సమంగా ఉండిపోతాయి, కంటికి నల్లటి చుక్కలా కనిపిస్తాయి. ఒక ముల్లు దొరికిందని ఆగకండి. కంప మీద ఎక్కిన టైర్లో మూడో నాలుగో ఉంటాయి. దొరికిన ప్రతిదాని దగ్గరా చాక్‌తో గుండ్రం గీయండి.

ట్యూబ్‌లెస్ అయితే

చక్రం విప్పే పనిలేదు. బండిని డబుల్ స్టాండ్ మీద పెట్టి, చిల్లు వెనకవైపు చేతికి అందేలా తిప్పి, మొదటి గేరులో ఉంచండి. వెనక నుంచి సూదిని బలంగా తోస్తుంటే బండి స్టాండు మీంచి ముందుకు దూకుతుంది. ముందు బ్రేక్ లివర్‌ని రబ్బరు బ్యాండుతో గానీ తాడుతో గానీ కట్టేయండి.

1. ముల్లు ఏ కోణంలో దిగిందో గుర్తుపెట్టుకుని ప్లేయర్‌తో అదే వాలులో లాగండి. ఏటవాలుగా దిగిన చిల్లులో నిటారుగా పొడిస్తే కొత్త చిల్లు పడుతుంది.

2. గరుకు సూదిని అదే కోణంలో దించి 15, 20 సార్లు లోపలికీ బయటికీ ఆడించండి. మొదట గట్టిగా పట్టేస్తుంది, తరవాత వదులవుతుంది. లోపల ఉక్కు తీగలుంటే వాటి పదును విరగాలి, లేకపోతే రెండు రోజుల్లో వత్తిని కోసేస్తాయి.

3. వత్తిని సూది కంట్లోకి ఎక్కించి రెండు కొసలూ సమంగా లాగండి. సొల్యూషన్ పూయండి.

4. ఒళ్లంతా బరువేసి నెట్టండి. కొసలు బయట ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు మిగిలేదాకా దిగాలి. ఇప్పుడు సూదిని తిప్పకుండా ఒక్క కుదుపులో లాగేయండి. మెల్లగా లాగితే వత్తి కూడా వెంట వచ్చేస్తుంది. బయట మిగిలినదాన్ని 3 మిల్లీమీటర్లు ఉంచి కోయండి. టైరుతో సమంగా కోస్తే లోపలికి జారిపోతుంది.

5. గాలి కొట్టి, ఉమ్మి రాసి చూడండి. బుడగలొస్తుంటే ఆ వత్తి పక్కనే ఇంకొకటి గుచ్చండి. అలా మూడు దాకా పట్టిన చిల్లులున్నాయి.

టైరు పక్క గోడకి పడిన చిల్లుకి వత్తి నిలవదు, ఎందుకంటే ఆ భాగం బండి నడుస్తున్నంతసేపూ మడత పడుతూ ఉంటుంది. దానికి మందు లోపల ట్యూబ్ వేయడమే. ట్యూబ్‌లెస్ రిమ్ములో వాల్వ్ కాడ తీసేసి, ఆ కన్నంలోంచి ట్యూబ్ వాల్వ్ తెచ్చుకుంటే సరిపోతుంది.

గాలి లేకుండా చాలా దూరం నడిపితే టైరు అంచు రిమ్ము వదిలేసి ఉంటుంది. అప్పుడు ఎంత పంపు కొట్టినా గాలి పక్కనుంచే పోతుంది. అంచు చుట్టూ సబ్బు నీళ్లు రాసి, టైరు నడినెత్తిన చుట్టూ తాడు కట్టి, తాడులో కర్ర దూర్చి మెలిపెట్టండి. టైరు నడుమ నొక్కుకుని అంచులు బయటికి పొంగి రిమ్ముకి తగులుతాయి. వాల్వ్ పిన్ను తీసేసి గాలి కొడితే వేగంగా ఎక్కుతుంది. ‘టప్’మని రెండు వైపులా శబ్దం వచ్చాక తాడు తీసి, పిన్ను పెట్టి, మళ్లీ నింపండి. గ్యాస్ గుళికలకి నిజంగా పని పడేది ఇక్కడే.

ట్యూబ్ అయితే

ఇక్కడ తొందర పనికిరాదు. విప్పే ముందు చక్రం రెండు వైపులా ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తువ్వాలు పరిచి, విప్పినవి విప్పిన వరుసలోనే పెట్టండి. యాక్సిల్‌కి తొడిగిన గొట్టాల్లాంటి స్పేసర్లు ఏ వైపువి ఆ వైపే.

డ్రమ్ బ్రేక్ ఉన్న వెనక చక్రానికి ముందు బ్రేక్ రాడ్ నట్టు, తరవాత బ్రేక్ ప్లేటుని పట్టి ఉంచే టార్క్ ఆర్మ్ నట్టు, ఆపైన యాక్సిల్ నట్టు విప్పాలి. స్ప్లెండర్ లాంటి బళ్లలో స్ప్రాకెట్ వైపు ఇంకో పెద్ద స్లీవ్ నట్టు ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. అది అలాగే ఉంటే చైను, స్ప్రాకెట్ అక్కడే నిలిచి, చక్రం మాత్రం డ్రమ్ వైపు జరిగి ఊడొస్తుంది. చైన్ సెట్టింగ్ చెదరదు. డిస్క్ బ్రేక్ అయితే చక్రం తీశాక బ్రేక్ పొరపాటున కూడా నొక్కొద్దు, ప్యాడ్లు దగ్గరకొచ్చేస్తాయి. ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. ఏబీఎస్ సెన్సార్ వైరు లాగకండి. చక్రాన్ని పడుకోబెట్టేటప్పుడు డిస్క్ పైకే ఉండాలి.

డబుల్ స్టాండ్ లేని బండికి ముందు లగేజీ దించి, సైడ్ స్టాండు మీద వంచి, ఇంజిన్ కింద చదునైన రాళ్లు పేర్చండి. సైలెన్సర్ చల్లారాకే ఈ పని.

వాల్వ్ పిన్ను తీసి మిగిలిన గాలంతా వదలండి. టైరు అంచు రిమ్ముకి అంటుకుని ఉంటుంది. మడమలతో తొక్కితే వదలొచ్చు. వదలకపోతే చక్రాన్ని వేరే బండి సైడ్ స్టాండు కిందకి తోసి, స్టాండు కొస టైరు మీద, రిమ్ముకి ఆనుకుని ఉండేలా పెట్టి, ఆ బండిని మెల్లగా వంచండి. చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చేస్తే ఊడుతుంది.

ఇప్పుడు అసలు కిటుకు. రిమ్ము నడిమధ్యలో చుట్టూ లోతైన గాడి ఉంటుంది. టైరు అంచు సాగదు, దాని లోపల ఉక్కు తీగ ఉంది. ఒకవైపు అంచు రిమ్ము దాటి పైకి రావాలంటే ఎదురుగా ఉన్న అంచు ఆ గాడిలోకి దిగి చోటివ్వాలి. అందుకని వాల్వ్ దగ్గర లివర్ పెట్టి, దానికి ఎదురుగా ఉన్నచోట మోకాళ్లతో టైరుని గాడిలోకి నొక్కండి. అంచు వెన్నలా లేస్తుంది. రెండో లివర్ 5 సెంటీమీటర్ల దూరంలో, మూడోది ఇంకో 5 దూరంలో. లివర్ వంగేంత బలం పెట్టాల్సి వస్తోందంటే మీకు బలం చాలక కాదు, అవతలి అంచు గాడిలో లేక. ఆగి, మళ్లీ నొక్కండి.

ఒకవైపు అంచు తీస్తే చాలు, ట్యూబ్ లాగేయొచ్చు. ట్యూబ్‌లో కొంచెం గాలి కొట్టి చెంప దగ్గర పెట్టుకుని తిప్పితే చల్లగా తగిలేచోటే చిల్లు. వాల్వ్ నుంచి అది ఎంత దూరమో చూసుకుని టైర్లో సరిగ్గా అదే చోట వెతకండి. చేతి వేళ్లతో తడమొద్దు, నూలుగుడ్డ లోపలంతా తిప్పితే ముల్లు కొస దానికి చిక్కుతుంది. ముల్లు తీయకుండా కొత్త ట్యూబ్ వేస్తే రెండు కిలోమీటర్లలో అదీ పోతుంది, ఇక మీ దగ్గర ట్యూబ్ ఉండదు. చిల్లు లోపలివైపు, అంటే రిమ్ము వైపు ఉంటే రిమ్ము టేపు జరిగి స్పోక్ కొస గుచ్చుకుందని అర్థం. పక్కపక్కనే రెండు చీలికలుంటే ముల్లు కాదు, తక్కువ గాలితో గుంతలో పడి ట్యూబ్ నలిగింది. వాల్వ్ మొదట్లో చిరిగితే ప్యాచ్ నిలవదు, కొత్తదే.

స్పేర్ ట్యూబ్ లేక ప్యాచ్ వేయాల్సి వస్తే, ప్యాచ్ కన్నా కాస్త పెద్దగా గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషన్ పల్చగా పూయండి. వెంటనే అంటించొద్దు. మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగితే తడి మెరుపు పోయి మసకగా అవుతుంది, అప్పుడు ప్యాచ్ పెట్టి నడిమధ్య నుంచి అంచులకి గట్టిగా నొక్కండి. తడి మీద అంటించిన ప్యాచ్ ఎండ వేడికి జారిపోతుంది.

తిరిగి వేసేటప్పుడు ట్యూబ్‌లో గుండ్రంగా నిలబడేంత గాలి మాత్రమే ఉండాలి. అసలు లేకపోతే మడత పడుతుంది, ఎక్కువైతే లివర్ కింద నలుగుతుంది. వాల్వ్ దూర్చి, నట్టు రెండు చుట్లు మాత్రం తిప్పండి. అంచు ఎక్కించడం వాల్వ్‌కి ఎదురుగా మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి, ఎక్కించిన భాగాన్ని మోకాలితో గాడిలోనే ఉంచుతూ. చివరి జానెడు మిగిలినప్పుడు వాల్వ్‌ని లోపలికి తోసి, ట్యూబ్ అంచు కింద ఇరుక్కోలేదని చూసి, అప్పుడు చిన్న చిన్న పట్లతో లివర్ వేయండి. కొత్త ట్యూబ్‌లు చిరిగేది చాలావరకు ఈ చివరి జానెడులోనే.

గాలి నింపి, ఒకసారి మొత్తం వదిలి, మళ్లీ నింపండి. లోపలి మడతలు సర్దుకుంటాయి. టైరు పక్కన రిమ్ముకి దగ్గరగా చుట్టూ సన్నటి గీత అచ్చువేసి ఉంటుంది. అది రిమ్ముకి అంతటా ఒకే దూరంలో ఉందో లేదో చూడండి. వాల్వ్ నట్టుని రిమ్ముకి బిగించకుండా మూత వైపు వదిలేస్తే, ట్యూబ్ జరిగినప్పుడు వాల్వ్ వాలి ముందే తెలుస్తుంది.

చక్రం బిగించాక టార్క్ ఆర్మ్ నట్టు, దాని పిన్ను మళ్లీ మళ్లీ చూసుకోండి. అది మర్చిపోతే మొదటి బ్రేక్‌కే ప్లేటు తిరిగిపోయి చక్రం బిగుసుకుంటుంది. చైన్ అడ్జస్టర్ గీతలు రెండు వైపులా ఒకటే అంకె మీద ఉండాలి. డిస్క్ అయితే బ్రేక్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కండి. నడక వేగంలో ఒకసారి బ్రేక్ వేసి చూశాకే బండెక్కండి.

ఏదీ కుదరకపోతే

చక్రం విప్పగలిగి, ప్యాచ్ మాత్రం నిలవకపోతే, బండిని అక్కడే తాళం వేసి, ఒక్క చక్రం తీసుకుని ఆర్టీసీ బస్సెక్కండి. షాపులో బాగు చేయించి ఇంకో బస్సులో తిరిగి రావచ్చు. బండి మొత్తాన్ని తరలించాలంటే ట్రాలీ ఆటోలో ఎక్కించి, గేరులో ఉంచి, హ్యాండిల్‌కి రెండు వైపులా తాళ్లు కట్టాలి. సైడ్ స్టాండు మీద నిలబెడితే మొదటి గుంతకే పడుతుంది. సిగ్నల్ లేని చోట బస్సు డ్రైవరుకి చీటీ ఇచ్చి ముందు ఊళ్లో మెకానిక్‌కి అందేలా చూసుకోండి. అత్యవసరమైతే 112కి చేసి చూడండి, మీ నెట్‌వర్క్ లేకున్నా వేరే కంపెనీ టవర్ అందితే కలుస్తుంది. జాతీయ రహదారి మీద 1033 ఉంది.

ట్యూబ్ పూర్తిగా చిరిగి, చీకటి పడబోతుంటే ఒక పాత పద్ధతి ఉంది. ట్యూబ్ తీసేసి టైర్లో రోడ్డు పక్క ఎండుగడ్డి కుక్కి కుక్కి నింపండి. ‘ఇక పట్టదు’ అనుకున్నాక కూడా ఇంకో రెండు గుప్పిళ్లు పడుతుంది. 15 కిలోమీటర్ల వేగం దాటకుండా, ఒక్కరే ఎక్కి, వెనక చక్రమైతే బరువు ముందుకి వేసి వెళ్లండి. టైరు పాడైపోవచ్చు, అడవిలో రాత్రి ఉండిపోవడం కన్నా నయం. ముందు చక్రానికి ఈ పద్ధతి వద్దు.

మళ్లీ బయల్దేరాక

రెండు కిలోమీటర్లకి ఆగి గేజ్ పెట్టండి, పదికి మళ్లీ. చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ మీదో ఉన్న స్టిక్కర్‌లో రాసినంత గాలి ఉండాలి. వత్తి వేసిన టైరుతో 50 కిలోమీటర్ల వేగం దాటొద్దు. ఊరు చేరాక ట్యూబ్‌లెస్ టైరుని విప్పించి లోపలివైపు నుంచి ప్యాచ్ వేయించండి, గడ్డితో నడిపిన టైరుని మార్చేయండి. ఇంటికెళ్లాక వాడిన వత్తులు, ప్యాచ్‌లు మళ్లీ కొని పెట్టుకోండి. ఒకసారి తెరిచిన సొల్యూషన్, మూత ఎంత బిగించినా కొన్ని నెలల్లో ఎండిపోతుంది. దాన్ని పడేసి కొత్తది సీలు తీయకుండా సంచిలో వేయండి.